తాత ఇంజనుకు మోటారు వద్దు

పోయిన దసరాకి హుబ్బళ్ళి ఇంట్లో అందరం చేరినప్పుడు ఒక తీర్మానం అయిపోయింది. కాగితం మీద రాసుకున్నది కాదు, కాఫీ తాగుతా తాగుతా చేసింది. తాత చేసిన ఆవిరి ఇంజను షోకేసులో ఊరికే నిలబడి ఉంది, తిరగడం లేదు. దాని పీట కింద చిన్న కరెంటు మోటారు దాచిపెట్టి, ఒక బెల్టు వేసి, స్విచ్చి నొక్కితే చక్రం తిరిగేటట్టు చేద్దామని మాట. పక్కన ఒక చిన్న లైటు కూడా పెడదామన్నారు. అందరికీ బాగనిపించింది. నేను ఒక్కదాన్నే వద్దన్నాను.

"ఎందుకొద్దమ్మా? తిరిగితే చాలు గదా, పిల్లోళ్లు చూస్తారు" అన్నాడు చిన్నాయన.

ఆ పొద్దు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నాకు తెలుగులో వాదించడం అంత సులభంగా రాదు. బడి అంతా కన్నడ మీడియం, ఇంట్లో మాత్రం తెలుగు. కోపం వస్తే రెండూ కలిసిపోతాయి. అందుకే నిదానంగా రాస్తున్నాను. ఆ తరువాత నాలుగు నెలలు సెలవు రోజుల్లో ఆ ఇంజను పట్టుకుని కూర్చున్నాను కాబట్టి, ఇప్పుడు చెప్పడానికి నా దగ్గర విషయం కూడా ఉంది.

మన కుటుంబంలో చిన్నవాళ్లకి తెలియకపోవచ్చు. తాత రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మీటర్ గేజ్ వైపీ, వైజీ ఇంజన్ల కాలం. గుంతకల్లు వైపు నుంచి ఆ రైలు దారి పట్టుకునే మనవాళ్లు ఇక్కడికి వచ్చి స్థిరపడినారు. పగలు పెద్ద ఇంజన్ల పని చేసి, ఇంటికొచ్చి రాత్రి ఈ చిన్నదాన్ని చేసినాడంట. నిలువు ఇంజను. సిలిండరు పైన, చక్రం కింద. సిలిండరు లోపలి వ్యాసం 20 మి.మీ., పిస్టన్ నడక 25 మి.మీ., కనెక్టింగ్ రాడ్ పొడవు 60 మి.మీ. చక్రం అరచెయ్యంత. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు అది తిరిగేది. బొంగరం తిరిగినట్టు కాదు, మనిషి నడిచినట్టు తిరిగేది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరి ఎందుకు నిలిచిపోయింది? రెండేళ్ల కింద ఇంటికి సున్నం కొట్టించినప్పుడు, ఇత్తడి మెరవాలని మనవాళ్లే దాన్ని మొత్తం విప్పి పాలిష్ పెట్టించినారు. మళ్లీ బిగించినారు కూడా. ఒక్క నట్టు కూడా పోలేదు. కానీ గాలి కొడితే బుస్సుమని, అక్కడే నిలబడింది. "పాడైపోయింది" అని తీర్పు ఇచ్చి షోకేసులో పెట్టేసినారు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇలాంటిది రోజూ చూస్తాను. ఏ భాగానికి ఆ భాగం బాగానే ఉంటుంది, కలిపితే పని చెయ్యదు. అప్పుడు "పాడైంది" అనరు, "వాటి మధ్య ఒప్పందం తప్పింది" అంటారు. ఈ ఇంజనులో ఆ ఒప్పందం పేరు వాల్వ్ టైమింగ్. ఆవిరి ఎప్పుడు లోపలికి రావాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు బయటికి పోవాలి అనేదే అది. పాలిష్ పెట్టేటప్పుడు ఒక చిన్న మర వదులు చేసినారు. పోయింది అంతే.

అర్థమయ్యేటట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

సిలిండరు పక్కన ఒక పెట్టె ఉంది, ఆవిరి మొదట అందులోకి వస్తుంది. ఆ పెట్టె లోపలి గోడకి వరసగా మూడు రంధ్రాలు. పైది సిలిండరు పైభాగానికి, కిందిది కిందిభాగానికి, నడిమిది బయటికి. వాటి మీద బోర్లించిన చిన్న డబ్బీ లాంటిది పైకీ కిందికీ జరుగుతుంది. అదే స్లైడ్ వాల్వు. బళ్లో మాకు "కవాట" అని చెప్పినారు, తెలుగు పుస్తకాల్లో కూడా కవాటమే. డబ్బీ కిందికి జరిగితే పై రంధ్రం తెరుచుకుని ఆవిరి పైన చేరుతుంది, పిస్టన్‌ను కిందికి తోస్తుంది. అదే సమయంలో కింది రంధ్రమూ నడిమి రంధ్రమూ డబ్బీ కింద కలిసిపోతాయి, వాడిన ఆవిరి బయటికి పోతుంది. డబ్బీ పైకి జరిగితే దీనికి తారుమారు. ఈ ఉపాయాన్ని జేమ్స్ వాట్ దగ్గర పని చేసిన విలియం మర్డాక్ 1799లో పేటెంట్ చేసినాడు. పెద్ద ఇంజన్లలో తరువాత రకరకాల మార్పులు వచ్చినాయి. తాత పని చేసిన వైపీ, వైజీల్లో వాల్వును నడిపేది 1844లో బెల్జియం మనిషి వాల్షార్ట్స్ కనిపెట్టిన ఏర్పాటు. అయినా లోపలి లెక్క మాత్రం ఇదే.

ఆ డబ్బీని జరిపేది ఎక్సెంట్రిక్. ఇరుసు మీద నడిమధ్యన కాకుండా 3.5 మి.మీ. పక్కకి రంధ్రం వేసిన బిళ్ల. ఇరుసు ఒక చుట్టు తిరిగితే వాల్వు 7 మి.మీ. కిందికీ పైకీ పోయొస్తుంది. ఆ బిళ్లను ఇరుసుకి పట్టి ఉంచేది ఒకే ఒక్క చిన్న మర. దాన్నే వదులు చేసినారు.

బిళ్లను ఎక్కడ బిగించాలి అన్నదే అసలు ప్రశ్న. డబ్బీ అంచులు రంధ్రాలను సరిగ్గా మూసేంత మాత్రమే ఉంటే, బిళ్ల క్రాంకు కన్నా 90 డిగ్రీలు ముందుండాలి. కానీ అప్పుడు పిస్టన్ చివరి దాకా ఆవిరి వస్తానే ఉంటుంది, దుబారా. అందుకని అంచును కొంచెం ఎక్కువ పెడతారు. మన ఇంజనులో అది 1.5 మి.మీ., దాన్ని ల్యాపు అంటారు. దాని వల్ల ఆవిరి రాక ముందే ఆగిపోతుంది, లోపల చిక్కిన ఆవిరి తనంతట తాను వ్యాపించి మిగతా పని చేస్తుంది. ఇంకొకటి లీడు. పిస్టన్ చివరికి చేరి వెనక్కి తిరగబోయే క్షణానికి రంధ్రం వెంట్రుకంత తెరిచి ఉండాలి, ఇక్కడ 0.2 మి.మీ. రెండూ కలిపితే 1.7. అంటే పిస్టన్ చివర ఉన్నప్పుడు వాల్వు తన నడిమి స్థానం దాటి 1.7 మి.మీ. పోయి ఉండాలి. 3.5 మి.మీ. బిళ్లకి అది దాదాపు 29 డిగ్రీలు. 90కి 29 కలిపితే 119. తిరిగే దిక్కులో క్రాంకు కన్నా అంత ముందు బిళ్ల ఉండాలి. అది తప్పి ఎక్కడో ఉంటే, పైకి వస్తున్న పిస్టన్‌కు ఎదురుగా ఆవిరి వచ్చి నిలబెట్టేస్తుంది. మన ఇంజనుకు అయింది అదే.

"అట్ల తిప్పి ఇట్ల తిప్పి చూస్తే ఎక్కడో ఒక చోట తిరగదా?" అని మా అన్న అడిగినాడు. తిరుగుతుంది. గాలి ఎక్కువ కొడితే తప్పుగా పెట్టినా తిరుగుతుంది. అదే నాకు ఒప్పుకోలేని మాట. తిరగడం వేరు, సరిగ్గా ఉండడం వేరు. ఆఫీసులో ఏదో ఒకటి మార్చి, "ఇప్పుడు పాస్ అయింది" అని పంపించేస్తే, ఆరు నెలలకి అది మన మీదికే తిరిగొస్తుంది.

కాబట్టి కొలిచే పెట్టాలి. కొలవాలంటే ముందు పిస్టన్ సరిగ్గా పై చివరన ఎప్పుడుందో తెలియాలి. దాన్ని డెడ్ సెంటర్ అంటారు. కంటితో చూసి పెట్టడమే అందరూ చేసే తప్పు, మొదట నేనూ చేశాను. అక్కడ క్రాంకు ఐదు డిగ్రీలు తప్పినా పిస్టన్ 0.06 మి.మీ. కూడా కదలదు, కంటికి తెలియదు. కానీ అదే ఐదు డిగ్రీల్లో వాల్వు పావు మి.మీ. కన్నా ఎక్కువ జరిగిపోతుంది. మనం పెట్టదలుచుకున్న లీడే 0.2. అంటే తప్పు అసలు కన్నా పెద్దది!

దీనికి పాత ఉపాయం ఒకటుంది, నాకు చాలా నచ్చింది. చక్రం పక్కన ముల్లు లాగా ఒక తీగ నిలబెట్టాలి, కదలకూడదు. పిస్టన్‌ను పై నుంచి కొన్ని మి.మీ. కిందికి తెచ్చి, క్రాస్‌హెడ్ ఎక్కడుందో సన్నగీత గియ్యాలి. ముల్లు దగ్గర చక్రం మీద కూడా ఒక గీత. ఇప్పుడు చక్రాన్ని పైచివర దాటించి, క్రాస్‌హెడ్ మళ్లీ అదే గీతకి వచ్చేదాకా తిప్పాలి. చక్రం మీద రెండో గీత. ఆ రెండు గీతలకి సరిగ్గా నడుమ డెడ్ సెంటర్. ఎక్కడ కంటికి తెలియదో అక్కడ కొలవకుండా, తెలిసే చోట రెండుసార్లు కొలిచి సగం చెయ్యడం. బట్టల హ్యాంగరు వంచి ముల్లు చేసుకున్నాను.

ఆమేలె పని సులభం. పెట్టె మూత తీసి, ఎక్సెంట్రిక్‌ను ఒక చుట్టు తిప్పి, పైనా కిందా రంధ్రాలు ఎంతెంత తెరుచుకుంటున్నాయో చూడాలి. సమానంగా లేకపోతే వాల్వు కడ్డీ మరతో సరిచెయ్యాలి. కడ్డీ మర అడుగు 0.5 మి.మీ., కాబట్టి ఐదోవంతు చుట్టు తిప్పితే 0.1 జరుగుతుంది. తరువాత క్రాంకును పై డెడ్ సెంటర్‌లో పెట్టి, బిళ్లను తిరిగే దిక్కులో తిప్పుకుంటా వచ్చి, పై రంధ్రంలో 0.2 ఫీలర్ గేజ్ ఆకు పట్టినప్పుడు మర బిగించాలి. ఆఖరికి కింది డెడ్ సెంటర్‌లో సరి చూసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ రెండు వైపులా చూడాలి.

ఇక్కడే నేను తప్పు చేశాను. తొందరలో కడ్డీ సంగతి వదిలేసి ముందు బిళ్ల పెట్టాను. పైన 0.2 పెట్టి తిప్పి చూస్తే కింద 0.4 వచ్చింది. పాలిష్ వాళ్లు కడ్డీని ముట్టుకోలేదు, దాని లాక్ నట్టు మీద పాత మడ్డి అట్లే ఉంది. అంటే ఆ తేడా తాతదే. నేను ఏమనుకున్నానో తెలుసా? "పాపం, రాత్రిపూట దీపం వెలుగులో చేసినాడు, కొలత తప్పింది" అని. కడ్డీ ఐదోవంతు తిప్పి రెండూ సమానం చేసి, బిళ్లను కొంచెం వెనక్కి జరిపి, రెండు వైపులా 0.2కి తెచ్చాను. పుస్తకంలో ఉన్నట్టు చక్కగా కుదిరింది. తాత బగ్‌ను నేను ఫిక్స్ చేశానని మనసులో గర్వం కూడా.

కారు టైర్లకి గాలి కొట్టే చిన్న పంపు తగిలించి, ఏడెనిమిది పౌండ్ల గాలి ఇచ్చాను. తిరిగింది! మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కానీ గాలి తగ్గించి నిదానంగా తిప్పితే కుంటింది. ఒక చప్పుడు గట్టిగా, ఒకటి మెల్లగా. నేను చిన్నప్పుడు విన్న నడక అది కాదు.

పది రోజులు ఎక్కడ తప్పిందో దొరకలేదు. ఆ తరువాత తాత పాత డైరీ చూశాను. అది మన ఇంట్లో ఎప్పటినుంచో ఉంది, కానీ తెలుగులో ఉంది. మా తరంలో ఎవరం చదవలేదు. అక్షరాలు కన్నడకి దగ్గరే, కానీ చేతిరాత కలిపి రాసి ఉంటే కన్ను ఆగిపోతుంది. నేను తెలుగు చదవడం నేర్చుకున్నదే ఈ ఐదారేళ్లలో. పాల లెక్క, చీటీ డబ్బు లెక్కల నడుమ ఒక చోట "చిన్న ఇంజను: పైన 1 కింద 3. కింద బరువు మొయ్యాల" అని ఉంది. అంతే.

ఒకటికీ మూడుకీ తేడా రెండు. నేను కొలిచిన 0.2కీ 0.4కీ తేడా కూడా పదోవంతుల్లో రెండే. అది తప్పు కాదు, ఆయన కావాలని పెట్టింది.

కారణం తరువాత లెక్క వేసుకుంటే తెలిసింది. నిలువు ఇంజనులో పిస్టన్ కిందికి పోయేటప్పుడు దాని బరువు సాయం చేస్తుంది, పైకి వచ్చేటప్పుడు ఆ బరువును ఎత్తాలి. అది ఒకటి. రెండోది, కనెక్టింగ్ రాడ్ వాలుగా తిరగడం వల్ల పై సగమూ కింది సగమూ ఒకటిగా ఉండవు. క్రాంకు పై నుంచి సరిగ్గా 90 డిగ్రీలు తిరిగేసరికి పిస్టన్ 12.5 కాదు, 13.8 మి.మీ. దిగిపోయి ఉంటుంది. దాని వల్ల లీడు రెండు వైపులా సమానంగా పెడితే, పై నుంచి వచ్చే ఆవిరి నడకలో నూటికి 83 వంతుల దగ్గర ఆగుతుంది, కింది నుంచి వచ్చేది 76 దగ్గరే ఆగిపోతుంది. బరువు ఎత్తాల్సిన వైపుకే ఆవిరి తక్కువ! తాత పెట్టినట్టు పైన 0.1, కింద 0.3 పెడితే అది 81, 77 అవుతుంది. పూర్తిగా సమానం కాదు, కానీ దగ్గరకొస్తుంది. పెద్ద నిలువు ఇంజన్లలో కింద లీడు ఎక్కువ పెట్టడం పాత అలవాటే అని తరువాత చదివాను. తాత ఈ లెక్కలు వేసినాడో, విని పెట్టినాడో తెలియదు. కడ్డీని మళ్లీ ఐదోవంతు వెనక్కి తిప్పాను. నడక తిరిగొచ్చింది.

మోటారు ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెప్తాను. మోటారు పెట్టి ఉంటే ఆ 1, 3 అంకెలకి అర్థం ఎప్పటికీ తెలిసేది కాదు. మోటారుకి టైమింగ్‌తో పని లేదు. వాల్వు ఎట్లున్నా చక్రం తిరుగుతుంది. తప్పు ఉందని కూడా ఎవరికీ తెలియదు. నిలిచిపోయిన ఇంజను కనీసం నిజం చెప్తుంది, "నాలో ఏదో తప్పింది, చూడండి" అని. మోటారు పెట్టినది ఆ మాట కూడా చెప్పదు. అది తాత ఇంజనును నడపడం కాదు, దాన్ని మోయడం.

ఎదుటి మాటల్లో న్యాయం లేదని నేననను. జేజి భయం బాయిలరు గురించి. "పిల్లోళ్లుండే ఇల్లు, అది పేలితే?" అని. ఆమె మాట నూటికి నూరు నిజం. ఆ పాత బాయిలరు అతుకులు మామూలు సీసం టంకం లాగా ఉన్నాయి, వేడికి అవి తట్టుకోవు. దాన్ని మళ్లీ ఎవరూ పొయ్యి మీద పెట్టకూడదు, నా ఓటు కూడా జేజికే. కావాలంటే వెండి టంకంతో కొత్తది చేయించి, నీళ్లతో నింపి, వాడే ఒత్తిడికి రెండింతలు పెట్టి పరీక్షించిన తరువాతే. అప్పటిదాకా గాలితో నడుపుదాం. వాల్వుకి గాలైనా ఆవిరైనా ఒకటే లెక్క. కాబట్టి మన ముందున్నది ఆవిరా, మోటారా అన్న ప్రశ్నే కాదు.

"నడిపితే అరిగిపోతుంది గదా" అని ఇంకొక మాట. అరుగుతుంది. నెలకి పది నిమిషాలు, నూనె వేసి, తక్కువ గాలితో నడిపితే ఎంత అరుగుతుంది? నడపకపోతే లోపల తుప్పు పట్టి బిగుసుకుపోవడం కూడా ఉంది గదా. 1855లో చేసిన ఫెయిరీ క్వీన్‌ను 1997లో మళ్లీ పట్టాల మీద నడిపినారు. మేట్టుపాళయం నుంచి కూనూరు కొండ ఎక్కే దారిలో ఆవిరి ఇంజన్లు ఈ కాలంలోనూ నడిచినాయి. మ్యూజియంలో నిలబెట్టిన ఇంజనుకి దండం పెడతాం, సరే. కానీ దాన్ని సరిచేసే చేతులు మ్యూజియంలో పెరగవు.

ఇంకొకటి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. మన ఇళ్లల్లో తెలుగుకి కూడా మోటారే పెట్టినాం. పెళ్లి పత్రిక తెలుగులో వేయిస్తాం. అచ్చు వేసేవాడి దగ్గర ఉన్న నమూనాలో పేర్లు మారుస్తారు, తీరా వచ్చినాక మనలో సగం మందికి అది చదవడం రాదు. ఒక పేరులో దీర్ఘం పోయినా ఎవరికీ తెలియదు. చూసేవాళ్లకి "ఇంట్లో తెలుగు తిరుగుతాంది" అనిపిస్తుంది. లోపల మాత్రం, తాత మూడు మాటలు రాసి పెడితే ముప్పై ఏళ్లు ఎవరం చదవలేదు. కన్నడలో చదువుకున్నందుకు నాకు ఏ బాధా లేదు, నేను లెక్కలు నేర్చుకున్నది ఆ భాషలోనే, ఆ లెక్కలే ఈ పనికి వచ్చినాయి. కానీ రెండో చెయ్యి కూడా ఉండి ఉంటే పది రోజులు కుంటి ఇంజనుతో తలకాయ కొట్టుకునేదాన్ని కాదు.

కాబట్టి నేను కోరేది ఇది. షోకేసు అద్దం తలుపు తాళం తీసెయ్యండి. మోటారుకి పెట్టే డబ్బుతో ఒక చిన్న గాలి పంపు, ఒక ఫీలర్ గేజ్ సెట్టు కొందాం. ఉగాదికి అందరం చేరినప్పుడు నేను ఎక్సెంట్రిక్ మర కావాలనే వదులు చేసి పెడతాను. పిల్లలు తీగ ముల్లు నిలబెట్టి, రెండు గీతలు గీసి, నడుమ పట్టుకుని, 1, 3 వాళ్లే పెట్టాలి. కుంటితే కుంటనీ, మళ్లీ పెడతారు. తాత డైరీ పుటలు ఫొటోలు తీస్తున్నాను. చేతిరాత చదవగలిగిన పెద్దవాళ్లు, ముఖ్యంగా గుంతకల్లు అత్తయ్య, ఒక్కొక్క పుట చదివి వినిపిస్తే నేను రాసుకుంటాను.

మా కుటుంబం కాని వాళ్లు కూడా ఇది చదువుతారని తెలుసు. సోలాపూరులో మగ్గం ఉన్న ఇళ్లు, కోలారు గనుల్లో పని చేసిన ఇళ్లు, రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఇళ్లు మనవాళ్లవి ఎన్నో ఉన్నాయి. మీ ఇంట్లో కూడా పని మానేసిన వస్తువు ఒకటి, దాని గురించి ఎవరో రాసిపెట్టిన రెండు మాటలు ఉండొచ్చు. దానికి రంగు వేసే ముందు, పాలిష్ పెట్టే ముందు, ఒకసారి కొలిచి చూడండి. తేడా కనిపిస్తే వెంటనే సరిచెయ్యకండి. అది ఎవరైనా కావాలని పెట్టిందేమో, ముందు అడగండి.